మీ ఇష్టం అన్న మాట

తోట ఇంటి నుంచి,
బుధవారం పొద్దున

పంతులూ,

నిన్న నీ ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను గానీ ఎత్తలేదు. ఎత్తితే నువ్వు పోలీసు గొంతుతో ప్రశ్నలు వేస్తావు, నేను అక్క గొంతుతో అరుస్తాను, అసలు సంగతి గాలికి పోతుంది. పైగా ఈ కేసు గురించి ఎవరితోనూ ఫోన్లో మాట్లాడొద్దని మా లాయరు గట్టిగా చెప్పాడు. ఉత్తరం రాయొద్దని మాత్రం అనలేదు. ఉత్తరాలు రాసుకునేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారని ఆయనకి తట్టి ఉండదు.

అవును, కేసే. మీ బావ నీతో చెప్పిన "చిన్న గొడవ" అదే. ఇంటి కప్పు ఎగిరిపోయినా ఆయనకి చిన్న గొడవే.

సోమవారం ఇంకా వెలుగు రాకముందే తేనెపెట్టెలు చిన్న లారీలో ఎక్కించి పొద్దుతిరుగుడు చేలవైపు బయల్దేరాను. పూత మొదలైంది. ఎండెక్కితే పెట్టెల్లో తేనెటీగలు ఉక్కిరిబిక్కిరైపోతాయి కాబట్టి చల్లటి వేళే తీసుకెళ్ళాలి. పెట్టెల గుమ్మాలకి జాలీలు బిగించాను, మూతలు బెల్టులతో కట్టాను, పైన పట్టా కప్పాను. వంతెన దాటగానే పోలీసు జీపు నన్ను పక్కకి ఆపింది. వెనక దీపం ఒకటి వెలగడం లేదట. నిజమే, వెలగడం లేదు.

దిగిన మనిషి కొత్త ఎస్సై, అమ్మాయి. చొక్కా ఇస్త్రీ మడత ఇంకా విరగలేదు. నా లైసెన్సు, బండి కాగితాలు చూసి, దీపానికి జరిమానా చీటీ రాసి నా చేతిలో పెట్టింది. అక్కడితో అయిపోవాలి కదా. అవలేదు.

"వెనక ఏముంది?" అంది.

"తేనెపెట్టెలండి."

పట్టా తియ్యమంటే తీశాను. ఈగల రొద వినబడుతూనే ఉంది. "లోపల నిజంగానే ఈగలున్నాయండి, కదిపితే ఊరుకోవు" అని కూడా చెప్పాను.

"ఈ దారిలో పోయే బళ్ళలో పైకి తేనెపెట్టెలే ఉంటాయమ్మా. లోపల ఏమేం పెట్టి తీసుకెళ్తున్నారో మాకు తెలుసు. తెరిచి చూడొచ్చా?"

నేనేదో అన్నాను. ఆ అమ్మాయి బెల్టు వదులు చేసి మూత ఎత్తింది.

ఈగలు నల్లటి పొగలాగా లేచాయి. కూడా ఉన్న కానిస్టేబులు ముఖం చేతుల్లో దాచుకుని జీపు చుట్టూ పరుగెత్తాడు. నేను మూత వేసి, ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా ముట్టించి వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి రోడ్డుమీద మోకాళ్ళమీద ఉంది. పెదవులు ఉబ్బిపోయాయి. ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. ఈగ కుడితే వాచిపోవడం వేరు, అసలు ఆ విషమే ఒంటికి పడకపోవడం వేరు. రెండోది కళ్ళారా చూడటం నాకదే మొదలు. కానిస్టేబులుకి కళ్ళు మూసుకుపోయాయి, జీపు నడపలేడు. ఆ అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టుకుని, వెనక ఈగలతోనే ఆసుపత్రికి పోనిచ్చాను. దారంతా నా మోచెయ్యి వదల్లేదు.

బతికింది. ఆ మాట ముందే రాయాల్సింది.

మధ్యాహ్నానికల్లా నామీద కేసు పెట్టారు. విధుల్లో ఉన్న అధికారికి తెలిసి తెలిసి హాని కలిగించానట. పెట్టెలన్నీ సాక్ష్యమంటూ స్టేషను ఆవరణలో దింపించారు. పూత చేలల్లో ఉంది, ఈగలు స్టేషన్లో ఉన్నాయి. నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

కొత్త పోలీసులకి రోజూ నువ్వు చెప్పే పాఠం ఇదేగా. ఒక దీపం వెలగకపోతే నా పెట్టెల మూతలు తీసే హక్కు వాళ్ళకి ఉందా?

అక్క


పోలీసు శిక్షణ కళాశాల క్వార్టర్స్ నుంచి,
శనివారం

అక్కా,

ఉత్తరం నిలబడే చదివాను. నువ్వు క్షేమం, అది చాలు. ఇంక భయపడకు.

చట్టం నీవైపే ఉంది. దీపం వెలగలేదని బండి ఆపితే, ఆ దీపానికి సంబంధించిన పని వరకే అధికారం. లైసెన్సు అడగొచ్చు, కాగితాలు అడగొచ్చు, జరిమానా రాయొచ్చు. బయట నిలబడి కంటికి కనబడింది చూడొచ్చు. మూసి ఉన్న పెట్టె, డిక్కీ, సంచీ తెరవాలంటే అందులో నేరానికి సంబంధించిన వస్తువు ఉందనడానికి గట్టి కారణం ఉండాలి. "ఈ దారిలో ఏవో వెళ్తున్నాయి" అనేది కారణం కాదు, ఊహ. ఆ ఊహతో నిన్ను చీటీ రాసేశాక కూడా నిలబెట్టడం అసలే కుదరదు. ఈ మాట ఏళ్ళ తరబడి బోర్డు మీద సుద్దముక్కతో రాస్తూనే ఉన్నాను.

ఒక్కటే మినహాయింపు. బండి మనిషి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే కారణం అక్కర్లేదు, తెరవొచ్చు. అందుకే అడుగుతున్నాను. "నేనేదో అన్నాను" అని రాశావు. ఏమన్నావు? అక్షరం పొల్లుపోకుండా రాయి. నీ కేసంతా ఆ మాటలోనే ఉంది.

ఇంకో చిన్న సంగతి. ఆ అమ్మాయి జరిమానా చీటీ ఎడమచేత్తో రాసిందా?

నీ
తమ్ముడు


తోట ఇంటి నుంచి,
మంగళవారం

పంతులూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "చట్టం మనవైపుంటే మరి కోర్టుకి మనమెందుకు వెళ్తున్నాం?" అన్నాడు.

"మీ ఇష్టం" అన్నాను. అంతే. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఎలా అన్నానో కాగితం మీద ఎలా పెట్టను? నీకు తెలుసుగా నేనా మాట ఎలా అంటానో. చిన్నప్పుడు నువ్వు వానలో ఆడుకోవడానికి వెళ్తానంటే "నీ ఇష్టం" అనేదాన్ని, నువ్వు చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చునేవాడివి. ఆ గొంతే. లాయరు మాత్రం, గొంతు కాగితాలకెక్కదు, మాట ఎక్కుతుంది అంటున్నాడు.

ఆసుపత్రికి వెళ్ళాను. వద్దని చెప్పాడు లాయరు, అయినా వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే ఆ ఈల చప్పుడే చెవుల్లో. గది బయట బల్లమీద వాళ్ళమ్మ కూర్చుని ఉంది. నా చేతులమీద ఈగలు కుట్టిన పాత మచ్చలు చూసి, "తేనెటీగలావిడ మీరేనా?" అంది. అవునన్నాను. తిడుతుందనుకున్నాను. పక్కకి జరిగి చోటిచ్చింది. తర్వాత "దాన్ని మీ బండిలోనే తీసుకొచ్చారటగా" అంది. తలూపాను. "మరి మీమీద కేసెందుకు పెట్టారు?" అనడిగింది. నన్నే అడిగింది, నిజంగా తెలియక.

పెట్టెల దగ్గరికి రోజుకోసారి వెళ్ళనిస్తున్నారు. జాలీలు తీసి, నీళ్ళు పెట్టి వస్తున్నాను. ఈగలు స్టేషను గోడ దాటి పూలకోసం వెతుక్కుంటున్నాయి. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గరే వెనక్కి తిరిగి పోతున్నారట. సాక్ష్యం ఎప్పుడు పట్టుకుపోతారమ్మా అని స్టేషను రైటరు నన్నే బతిమాలుతున్నాడు.

అవును, ఎడమచేత్తోనే రాసింది. నీకెలా తెలుసు?

అక్క


క్వార్టర్స్ నుంచి,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. పరీక్షల హడావుడిలో జవాబు ఆలస్యమైంది.

బాగా ఆలోచించాను. ఆ మాట నువ్వు అన్నావు కాబట్టి వాదన కష్టం. అధికారి దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటే తప్పుపట్టలేరు. పైగా నువ్వు ఒప్పుకోలేదని రుజువైతే ఆ అమ్మాయి ఉద్యోగానికే ముప్పు, కొత్తగా చేరిన మనిషి. పొరపాటు జరిగిందని నువ్వే ఒక మాట చెప్పి రాజీ చేసుకుంటే చిన్న జరిమానాతో పోతుంది. పెట్టెలు వెంటనే ఇచ్చేస్తారు, పూత కూడా దక్కుతుంది. బావ కూడా ఇదే అంటాడు.

మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

తమ్ముడు


తోట ఇంటి నుంచి,
కోర్టు రోజు సాయంత్రం

తమ్ముడూ,

కిందటి ఉత్తరం నువ్వు రాసింది కాదు. చేతిరాత నీదే, మనిషివి నువ్వు కాదు. నేను అడిగినదానికి జవాబు లేదు. చట్టం నావైపే ఉందన్నవాడివి వారం తిరిగేసరికి తప్పు ఒప్పుకోమంటున్నావు. ఏం జరిగిందో అర్థం కాక చించేద్దామనుకుని, మళ్ళీ మడిచి పెట్టాను. ఇవాళ అర్థమైంది.

రాజీ పడలేదు. కోర్టుకి వెళ్ళాను. చిన్న గది, ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఆపేశారు. జడ్జిగారు జుట్టు నెరిసిన ఆవిడ, కళ్ళద్దాల పైనుంచి చూస్తారు. ఎస్సై అమ్మాయి బోనులో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దీపం, చీటీ, పట్టా, అన్నీ. ఈగలున్నాయని నేను హెచ్చరించానని కూడా తనే చెప్పింది. "తెరవొచ్చా అని అడిగాను, 'మీ ఇష్టం' అన్నారు, సమ్మతిగా తీసుకున్నాను" అంది.

జడ్జిగారు కలం కింద పెట్టారు.

"ఇంట్లో మీ అమ్మగారు 'నీ ఇష్టం' అంటే ఏమని అర్థం చేసుకుంటావమ్మా?"

గదంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. నిజంగా ఆలోచించింది.

"ఆ పని చెయ్యొద్దని, మేడమ్."

"మరి రోడ్డు మీద?"

"రోడ్డు మీద యూనిఫాంలో ఉంటాం మేడమ్. అప్పుడా మాటకి సరేనని అర్థమని శిక్షణలో చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

బోను చెక్కని ఎడమచేత్తో పట్టుకుంది. "గుర్తు లేదు, మేడమ్."

అప్పటిదాకా చెప్పినదంతా నిజం. ఇదొక్కటే అబద్ధమని అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలిసిపోయింది.

వాయిదా వేశాక వరండాలో నా దగ్గరికొచ్చింది. మెడమీద ఎరుపు ఇంకా పోలేదు. "మాస్టారు క్లాసులో మీ కబుర్లు చెప్పేవారండి, తేనెటీగల అక్కయ్య అని. మీరేనని ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక తట్టింది. నేను పేరు చెప్పను, మీరు కంగారుపడకండి" అంది. నన్నే ఓదారుస్తోంది, పంతులూ.

నువ్వేనా?

అక్క


క్వార్టర్స్ నుంచి,
గురువారం

అక్కా,

నేనే.

నీ మొదటి ఉత్తరానికి రాసిన జవాబులో అబద్ధం ఏమీ లేదు. బోర్డు మీద రాసేది అదే. కానీ గంట మోగడానికి కాస్త ముందు, సుద్దముక్క పక్కన పెట్టేసి చెప్పేది ఇంకొకటి ఉంది. "కారణం లేనప్పుడు ఏం చెయ్యాలి సార్?" అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. "అడగండి. చీటీ చేతిలో పెట్టి, మనిషి ఇంక వెళ్ళిపోవచ్చని ఊపిరి పీల్చుకున్నప్పుడు మెల్లగా అడగండి. ఎవరూ వద్దనరు. 'మీ ఇష్టం సార్' అంటారు. అదే సమ్మతి, రాసుకోండి" అని చెప్పేవాణ్ణి. ఎలా అంటారో గొంతు మార్చి, భుజాలు వంచి చేసి చూపించేవాణ్ణి. క్లాసు పగలబడి నవ్వేది. నా పాఠాల్లో వాళ్ళకి బాగా గుర్తుండేది అదొక్కటే. కిందటి బ్యాచిలో దాన్ని ఎడమచేత్తో రాసుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే, అందుకే నిన్ను అడిగాను.

ఆ రెండు మాటలున్న నీ ఉత్తరం అందినరోజు సాయంత్రం ఎప్పటిలాగే ఆ పాఠం ఉంది. వెళ్ళాను. ఆ చోటుకొచ్చేసరికి గొంతు మార్చబోతే నీ గొంతు వచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి బయటికొచ్చేశాను. ఆ తర్వాతే నీకా రాజీ ఉత్తరం రాశాను. ఆ అమ్మాయి గురించి దిగులుపడుతున్నట్టు రాశాను గానీ, దిగులు నా గురించే. ఆవిడ నా పేరు చెబుతుందేమోనని.

చెప్పలేదన్నావు. ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నన్ను కాపాడటానికి ప్రమాణం చేసి అబద్ధమాడింది. నేను నేర్పినవాటిలో అది లేదు.

మీ లాయరుకి చెప్పు, వచ్చే వాయిదాకి సాక్షిగా వస్తానని. పైవాళ్ళకి ఇదంతా ఒప్పుకుంటూ కాగితం రాసి ఇచ్చాను. మా అధికారి చదివి, "ఒకసారి ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నాడు. ఇంటికెళ్ళాను. మీ మరదలు క్వార్టర్స్ గోడలవైపు చూసి, "సామాను కట్టడం మొదలుపెట్టనా?" అంది. కోపంగా అడగలేదు, పని గురించి అడిగినట్టే అడిగింది.

నీతో మాట్లాడే ముఖం లేదు. కోర్టులో నావైపు చూడకు.

తమ్ముడు


తోట ఇంటి నుంచి,
తీర్పు మర్నాడు

తమ్ముడూ,

చూడొద్దంటే చూడకుండా ఎలా ఉంటాను? బోనులో నువ్వు భుజాలు వంచి చూపిస్తుంటే, జడ్జిగారు మళ్ళీ ఒకసారి చెయ్యమంటే, ఈసారి ఒక్కరూ నవ్వలేదు. దిగి తిన్నగా బయటికెళ్ళిపోయావు. మీ బావ నీ వెనకాలే పరుగెత్తాడు, అప్పటికే బస్సు కదిలిపోయిందట. నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నన్ను పిలిచారు. "మీరు ఏ ఉద్దేశంతో ఆ మాట అన్నారు?" అని అడిగారు జడ్జిగారు. లాయరు నాకు ముందే నేర్పిపెట్టాడు, వద్దనే ఉద్దేశంతో అన్నానని చెప్పి ఊరుకోమని. అదే చెప్పాను. కానీ ఊరుకోలేకపోయాను. రోజుల తరబడి లోపల తిరుగుతున్నది అక్కడే నోటికొచ్చేసింది.

"వద్దనే అన్నానండి. కానీ చెబితే వినడం లేదుగా, తెరవనీ, కుడితే కుట్టనీ, అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. ఇలా ప్రాణం మీదికొస్తుందని తెలిస్తే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని."

లాయరు నుదురు పట్టుకున్నాడు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "మొదటిది చట్టానికి సంబంధించింది. రెండోది మీరూ మీ మనసూ చూసుకోవాల్సింది" అన్నారు.

తీర్పులో నీ బోర్డు మీది మాటలే ఉన్నాయి. దీపం కోసం ఆపిన బండిలో మూసిన పెట్టె తెరవడానికి కారణం లేదు. అధికారం ముందు నిలబడ్డ మనిషి విసుగుతోనో భయంతోనో అన్న మాట సమ్మతి కాదు. వద్దనే వీలుందని ఆ మనిషికి తెలిసి, మనస్ఫూర్తిగా సరేనంటేనే సమ్మతి. సోదా చెల్లదు, నా మీద కేసు చెల్లదు. శిక్షణలో ఆ పాఠం మార్చాలని పైకి రాస్తామన్నారు. ఆ అమ్మాయికి మందలింపు, ఉద్యోగం పోలేదు.

మీ బావ సంతోషంతో అందరికీ దండాలు పెట్టాడు, అవతలి లాయరుకి కూడా.

పెట్టెలు ఇచ్చేశారు. పూత సగం పైన రాలిపోయింది. వాళ్ళు మూత తీసిన పెట్టెలో రాణి ఈగ లేదు, రాణి లేనిదే ఆ గుంపు నిలబడదు. గెలిచానంటున్నారు అందరూ. నాకు మాత్రం గెలిచినట్టు లేదు. నామీద నీకు కోపంగా ఉందేమో రాయి. లేకపోతే లేదని రాయి.

అక్క


మోటారు షెడ్డు పక్కగది నుంచి,
సోమవారం

అక్కా,

కోపం లేదు.

పాఠాల నుంచి తప్పించి మోటారు షెడ్డుకి వేశారు. జీపులకి బ్రేకులు, టైర్లు, దీపాలు సరిగా ఉన్నాయో లేదో చూసి పంపాలి. పొద్దున్నించి నూనె చేతులే. గది ఇరుకు, కిటికీ తెరిస్తే డీజిలు వాసన. సామాను సగం ఇంకా పెట్టెల్లోనే ఉంది. కుదురు లేదు. క్లాసు గంట ఇక్కడికీ వినబడుతుంది, మోగినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.

నా తర్వాత వచ్చినాయన బోర్డు మీద ఏం రాస్తున్నాడో తెలియదు. సుద్దముక్క పక్కన పెట్టాక ఏం చెబుతున్నాడో అసలే తెలియదు. ఆ అమ్మాయికి ఉత్తరం రాద్దామని కూర్చుని, నాలుగు ముక్కలు రాసి చించేశాను. ఎలా ఉందో నీకేమైనా తెలుసా?

తమ్ముడు


తోట ఇంటి నుంచి,
శుక్రవారం

తమ్ముడూ,

తెలుసు. నిన్న వచ్చింది.

ఈగలు పెట్టెల్లోంచి వస్తూ పోతూ మంచి ఊపుమీద ఉన్న వేళ. గేటు బయట స్కూటరు ఆగింది. మామూలు బట్టల్లో ఉంటే మొదట గుర్తుపట్టలేదు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడి, "లోపలికి రావచ్చాండి?" అంది.

నోటిదాకా ఏదో మర్యాద మాట వచ్చింది. మింగేశాను.

"రావద్దమ్మా. ఒక్కటి కుట్టినా నీకు మళ్ళీ ఆసుపత్రే. అక్కడే ఉండు, నేనే వస్తాను."

తక్షణం కమ్మీ వదిలేసి రోడ్డు అవతలి పక్కకి వెళ్ళి నిలబడింది. ఈగల ముసుగు తీసి, బట్టలు దులుపుకుని వెళ్ళాను. ఇద్దరం స్కూటరుకి ఆనుకుని మాట్లాడుకున్నాం. క్షమించమంది. నేనూ అడిగాను. నీ గురించి అడిగితే షెడ్డు సంగతి చెప్పాను. కళ్ళు తుడుచుకుంది. నువ్వు చించేసిన ఉత్తరం సంగతి కూడా చెప్పాను, చెప్పొద్దని నువ్వు రాయలేదుగా. "మాస్టార్ని రాయమనండి, ఎన్ని ముక్కలైనా సరే" అంది.

ఇప్పుడు బళ్ళు ఆపినప్పుడు, వద్దనొచ్చని ముందే చెప్పి అడుగుతోందట. చాలామంది వద్దంటున్నారట. తోటివాళ్ళు వెక్కిరిస్తున్నారట. ఒకడు జీపులో తన పక్కన కూర్చోవడమే మానేశాడట.

వెళ్ళేముందు హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడిపోయింది. ఏమిటమ్మా అన్నాను.

"ఇందాక మీరు రావద్దన్నారు, ఆగిపోయాను. ఆ రోజు కూడా మీరు ఇలాగే తిన్నగా వద్దని ఉంటే ఆగేదాన్నా అని పొద్దస్తమానం ఆలోచిస్తున్నానండి. ఆగేదాన్నని అనుకుంటాను. కానీ ఒట్టేసి చెప్పలేను."

దాని భుజం మీద చెయ్యి వేశాను. హెల్మెట్ పెట్టుకుని, స్కూటరు ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయికి ఉత్తరం రాయి. ఈసారి చించకు.

అక్క